ఎగిరే ముక్కతో ఆనవాలు పట్టడం

పెనుబల్లి మండలంలో లంకాసాగర్ కింద బీపీటీ వరి వేసిన రైతుకు ఎండాకు తెగులు ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు. పొట్ట దశలో గాలివాన ఒకటి పడి వెలిస్తే చాలు, ఆకు కొనన మొదలై అంచుల వెంట అలలు అలలుగా పసుపు చార కిందికి దిగుతుంది. యూరియా ఎక్కువ పడిన మడిలో ఇంకా త్వరగా దిగుతుంది. పొద్దున్నే చూస్తే ఆ అంచుల మీద సన్నటి పసుపు బొట్లు కనపడతాయి, ఎండెక్కాక అవే గట్టిపడి ఉండలవుతాయి. ఇంకా అనుమానంగా ఉంటే మచ్చ ఉన్నచోట ఆకును అడ్డంగా కోసి, గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. కోసిన అంచు నుంచి తెల్లటి సన్నని ధార కిందికి జారుతుంది. బాక్టీరియా అదే. పేరు శాంథోమోనాస్ ఒరైజే. దాని ఒంటి చుట్టూ జిగురు ఉంటుంది. ఆకు మీద బొట్టు కట్టేదీ, నీళ్లలో ధార కట్టేదీ ఆ జిగురు పుణ్యమే. ఈ జిగురును ఒక్క దెబ్బతో ఎండగట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క ఒకటుంది. దాని మీద హైదరాబాద్‌లోనే వచ్చిన రెండు పరిశోధన పత్రాలను పక్కపక్కన పెట్టి చదవడం నా ఉద్దేశం.

మొదటిది 1997లో ఫైటోపాథాలజీ పత్రికలో వచ్చింది. రాసినవారు జె. యశితోల, డి. కృష్ణవేణి, ఏ.పి.కె. రెడ్డి, రమేష్ వి. సొంటి. భారతదేశంలో ఈ బాక్టీరియా ఎన్ని రకాలుగా ఉందన్నది విషయం. రెండోది 2000లో జర్నల్ ఆఫ్ బాక్టీరియాలజీలో వచ్చింది, రాసినవారు ఆర్. రాజేశ్వరి, రమేష్ వి. సొంటి. ఎదుగుదల ఆగిపోయిన కల్చర్లలో ఈ బాక్టీరియా తెగులు తెప్పించే శక్తిని ఎందుకు పోగొట్టుకుంటోందన్నది విషయం. రెండూ సీసీఎంబీ పరిశోధన సంస్థలోని సొంటి గారి ప్రయోగశాల నుంచి వచ్చినవే. రెండిట్లోనూ ముఖ్యపాత్ర ఇన్సర్షన్ సీక్వెన్స్ అనే ముక్కలదే. కానీ ఆ ముక్క మీద ఒక పత్రం పెట్టుకున్న నమ్మకమూ, ఇంకో పత్రం చూపిన దాని ప్రవర్తనా ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. విడివిడిగా చదివితే ఏ ఇబ్బందీ లేదు, కలిపి చదివితేనే చిక్కు.

ముక్క సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఎగిరే జన్యువులంటే మనవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది మొక్కజొన్న. గింజల మీది రంగు మచ్చలు చూసి బార్బరా మెక్‌క్లింటాక్ 1940ల్లో పట్టుకున్న సంగతికి 1983లో నోబెల్ వచ్చింది. బాక్టీరియాలో వాటి చుట్టాలు 1960ల చివర్లో ఈ. కొలైలో బయటపడ్డాయి. ఐఎస్1 అని పేరు పెట్టిన ముక్క పొడవు 768 బేస్ జతలే. ఇలాంటి ముక్కకు ఆస్తి ఏమీ ఉండదు. తనను తాను ఒకచోట నుంచి లేపి మరోచోట దించే ట్రాన్స్‌పోజేస్ అనే ఎంజైము, ఆ ఎంజైము గుర్తుపట్టడానికి రెండు కొసలా అద్దంలో బొమ్మలాగా తిరగబడిన కొన్ని అక్షరాలు, అంతే. కొన్ని ఉన్నచోట నుంచి ఊడి వెళతాయి, కొన్ని ఉన్నచోట ఉంటూనే నకలు పంపుతాయి. దిగినచోట ఏదైనా జన్యువు ఉంటే అది తెగుతుంది. వరి ఎండాకు బాక్టీరియాలో ఇవి విపరీతం. జపాన్‌లో చదివిన మాఫ్ 311018 అనే స్ట్రెయిన్ జీనోమ్‌లో దాదాపు పదో వంతు ఈ ముక్కలే.

ఇక 1997 పత్రం. ఇందులో వాడిన పనిముట్టు ఐఎస్1112. పని తీరు ఇది: వేర్వేరు రాష్ట్రాల పొలాల్లో తెగులు సోకిన ఆకుల నుంచి బాక్టీరియాను వేరుచేసి, దాని డీఎన్‌ఏను కత్తిరింపు ఎంజైముతో ముక్కలు చేసి, జెల్ మీద పరుగెత్తించి, ఐఎస్1112 ఎక్కడెక్కడ అంటుకుని ఉందో సదరన్ బ్లాట్‌లో చూస్తారు. ముక్కకు జీనోమ్‌లో చాలా నకళ్లుంటాయి కాబట్టి ఫిల్ముపై నిచ్చెన మెట్లలా గీతలు వస్తాయి. రెండు స్ట్రెయిన్ల గీతలు కలిస్తే అవి దగ్గరి బంధువులు, కలవకపోతే దూరం. దీంతోపాటు ఏవిఆర్‌ఎక్స్‌ఏ10 అనే బాక్టీరియా జన్యువును కూడా ప్రోబ్‌గా వాడారు. వరి పండే దూరదూర ప్రాంతాల్లో సైతం ఒకే వంశం బాగా విస్తరించి ఉందన్నది తేలిన ముఖ్యాంశం. నిరోధక రకాలు తయారుచేసేవారికి ఇది చాలా విలువైన మాట. ఏ శత్రువు మీద పరీక్షించాలో తెలియకుండా నిరోధకత గురించి మాట్లాడటం గాల్లో కర్ర తిప్పడమే కదా.

ఈ పద్ధతి నిలబడాలంటే ఒక షరతుంది, గీతలు కదలకూడదు. కనీసం మనం కొలిచే కాలంలో, అంటే పంటలూ దశాబ్దాలూ గడిచేలోగా, కదలకూడదు.

మూడేళ్ల తర్వాతి పత్రం ఈ షరతునే కదిలించింది. శాంథోమోనాస్‌ను పోషక ద్రవంలో పెంచి, ఎదుగుదల ఆగిపోయాక కూడా అలాగే వదిలేస్తే, మధ్యలో పుట్టుకొచ్చే కొన్ని కణాలు వేరుగా కనపడతాయి. వీటికి జిగురు ఉండదు, వరి ఆకు మీద తెగులు తెప్పించే సత్తా కూడా ఉండదు. ఒకటీ అరా కాదు, పెద్ద సంఖ్యలో పోగవుతాయి. దీనికి స్టేషనరీ ఫేజ్ వేరియేషన్ అని ఈ ప్రయోగశాలే పేరు పెట్టింది. ఎందుకిలా జరుగుతోందని వెతికితే, జిగురు తయారీకి సంబంధించిన గమ్ జన్యువుల గుంపు మొత్తాన్ని మోసుకొచ్చే పీఎస్‌డీ1 అనే క్లోన్‌ను లోపలికి పంపినప్పుడు చాలావాటికి జిగురూ, తెగులు శక్తీ రెండూ తిరిగొచ్చాయి. అంటే పోయింది ఆ గుంపులోనే. ఇంకా లోపలికి వెళితే దెబ్బ తగిలింది గమ్‌ఎం అనే జన్యువుకు. ఆ గుంపులో ఆఖరిది అదే. దాని నడుమ దిగబడి ఉన్నది అంతకు ముందు ఎవరూ చూడని రెండు ఇన్సర్షన్ సీక్వెన్సుల్లో ఏదో ఒకటి. వాటికి ఐఎస్‌ఎక్స్‌ఓ1, ఐఎస్‌ఎక్స్‌ఓ2 అని పేర్లు పెట్టారు. బయటి నుంచి వచ్చినవి కావు, అదే జీనోమ్‌లో అప్పటికే అనేక నకళ్లుగా కూర్చున్నవే.

రాత పద్ధతిలో కూడా ఈ రెండోది నాకు మెరుగ్గా అనిపిస్తుంది. మొదటి పత్రం గీతల పోలికతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అది సర్వే, సర్వే ఇంతకన్నా చెప్పలేదు కూడా. రెండోది మాత్రం నేరం, నేరస్థుడు, ఆయుధం మూడింటినీ ఒకే చోట చూపెట్టింది. పోయిన శక్తిని తిరిగి రప్పించి మరీ రుజువు చేసింది. జీవశాస్త్రంలో ఇంత స్పష్టంగా తేలే కారణం అరుదు. ఐస్‌క్రీముల్లో, సాసుల్లో చిక్కదనానికి కలిపే శాంథన్ గమ్ కూడా ఈ కుటుంబపు గమ్ జన్యువుల సరుకే. క్యాబేజీ నల్ల కుళ్లు తెచ్చే చుట్టం దాన్ని చేస్తుంది. ఫ్యాక్టరీవాళ్ళకు లాభం తెచ్చే జిగురే వరి మడిలో రైతుకు నష్టం.

పశువు ఒంటి మీద వేసిన వాత రాత్రికి రాత్రి వీపు నుంచి తొడకు జరిగిపోయేదైతే, ఆ వాత చూపించి ఈ పశువు నాదని పంచాయితీలో ఎలా వాదించడం? రెండు పత్రాలను కలిపి చదివినవారికి తట్టే ప్రశ్న ఇదే. పంచాయితీ తేలాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. రెండు పత్రాల్లోని ముక్కలు ఒకటి కావు. ఐఎస్1112 వేరు, ఐఎస్‌ఎక్స్‌ఓ జంట వేరు. ఒకటి చురుగ్గా ఎగిరినంత మాత్రాన మరొకటి కూడా అలాగే ఎగరాలని లేదు. ఈ జవాబు సరైనదే కానీ సరిపోదు. ఒకే కణంలో, ఒకే ఆకలిలో ఉన్న రెండు ముక్కల్లో ఒకదాన్ని పాతిన రాయిగానూ రెండోదాన్ని పిచ్చుకగానూ చూడాలంటే అంతకన్నా బలమైన ఆధారం కావాలి.

నాకు తోచిన జవాబు వేరు. అది ముక్కలో కాదు, ఆకులో ఉంది. 1997 పత్రం నమూనాలన్నీ తెగులు సోకిన ఆకుల నుంచి వచ్చాయి. అంటే తెగులు తెప్పించగలిగిన కణాలే ఆ పత్రంలోకి అడుగుపెట్టాయి. గమ్‌ఎంలో ముక్క దిగి జిగురు పోయిన కణం వరి ఆకులో విస్తరించలేదు, బొట్టు కట్టలేదు, గాలివానకు పక్క మడికి చేరలేదు. కాబట్టి పరిశోధకుల సంచిలోకీ రాలేదు. పొలంలో ముక్కలు ఎన్నిసార్లు ఎగిరినా ప్రాణం మీదికి తెచ్చేవాటిని ఆకు ముందే జల్లించేసింది. మిగిలినవి ఎవరికీ అడ్డురాని చోట దిగిన నకళ్లు. అవి తరాల తరబడి అలాగే ఉండిపోతాయి, గీతలుగా మనకు కనపడతాయి. 1997 పత్రం నమ్ముకున్న నిలకడ ముక్క స్వభావం అనుకోవడం పొరపాటు. అది వరి మొక్క పెట్టిన కట్టుబాటు.

ఇదే తర్కాన్ని రెండో పత్రం మీదికి తిప్పాలి, లేకపోతే అన్యాయం. ఫ్లాస్కులో ఆకు లేదు. జిగురు అక్కడ ఉత్త ఖర్చు. దండగ ఖర్చు మానేసిన కణం పక్కవాటికన్నా బాగుపడవచ్చు. అలాంటప్పుడు జిగురు లేనివి పెద్ద సంఖ్యలో పోగవడానికి రెండు కారణాలు ఉండొచ్చు: ఆకలి దశలో ముక్కలు ఎక్కువగా ఎగరడం, లేదా ఎప్పటిలాగే ఎగిరినా ఆ దశలో అలాంటి కణాలు నెగ్గడం. మొదటిది ముక్క గురించిన మాట, రెండోది ఫ్లాస్కు గురించిన మాట. పత్రం తేల్చి చెప్పింది ఆ కణాల్లో జరిగింది ముక్క దిగడమేనని. అంతవరకూ తిరుగులేదు. దాన్ని పట్టుకుని పొలంలో కూడా బాక్టీరియా కష్టకాలంలో కావాలని జన్యువులను తిప్పుకుంటుందని చెప్పేవారున్నారు. ఆ కోరిక పాఠకుడిదే, పత్రానిది కాదు.

మాటల మీద కూడా కొంచెం కోపం ఉంది నాకు. ఇన్సర్షన్ సీక్వెన్సుల ప్రస్తావన రాగానే పరిణామానికి ఇంజను అనే ముద్ర తగిలించేయడం ఈ రంగంలో అలవాటైపోయింది. ఫిలిప్పీన్స్ స్ట్రెయిన్ పీఎక్స్‌ఓ99ఏ జీనోమ్‌ను 2008లో ప్రచురించినప్పుడు, 52,40,075 బేస్ జతల పొడవులో 212 కిలోబేసుల భాగం అచ్చు గుద్దినట్టు రెండుసార్లు కనిపించింది. జపాన్, కొరియా స్ట్రెయిన్లతో పోల్చితే భాగాలకు భాగాలు తలకిందులై, తారుమారై ఉన్నాయి. మలుపుల దగ్గర ఎక్కడ చూసినా ఇవే ముక్కలు. ఇంజను మాటకు ఇది మంచి సరుకే. కానీ నేరస్థలంలో ఉన్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. ఒకే అక్షరాలు అనేక చోట్ల ఉంటే కణంలోని మామూలు అతుకుల యంత్రాంగమే వాటిని కలిపేసి జీనోమ్‌ను తిప్పేయగలదు. ముక్క అప్పుడు ఎగరనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. నష్టానికి సాక్ష్యం 2000 పత్రంలో ప్రత్యక్షంగా ఉంది: జిగురు పోయింది, తెగులు పోయింది, తిరిగి ఇస్తే వచ్చింది. ముక్కలు ఎగరడం వల్ల బాక్టీరియా బాగుపడిందనడానికి మాత్రం మనకున్నది ఎక్కువగా పరోక్ష సాక్ష్యమే. ఈ తేడాను విమర్శకులైనా గుర్తుపెట్టుకోవాలి.

దీనికి పక్కన సొంటి గారి ప్రయోగశాలదే ఇంకో పత్రం, ప్రభు పాటిల్‌తో కలిసి 2004లో రాసినది, పెట్టాలనిపిస్తుంది. బాక్టీరియా ఒంటి పై పొరలోని లైపోపాలిశాకరైడ్‌ను తయారుచేసే 12.2 కిలోబేసుల భాగంలోని ఆరు జన్యువులు ఈ జీనోమ్ నుడికారానికి సరిపడని తీరులో ఉన్నాయనీ, ఎక్కడి నుంచో వచ్చి చేరినట్టున్నాయనీ అందులో చూపించారు. భారత్‌తో సహా ఆసియా స్ట్రెయిన్లు అనేకంలో ఆ భాగం ఉంది. బీఎక్స్‌ఓ8 అనే భారతీయ స్ట్రెయిన్‌లోనూ, ఒక నేపాల్ స్ట్రెయిన్‌లోనూ మాత్రం లేదు; వాటిలో ఆ జాగాలో నిమ్మగజ్జి బాక్టీరియాను పోలిన అక్షరాలున్నాయి. చిన్న ముక్కలు ఎగరడంకన్నా ఇలా మూకుమ్మడిగా వచ్చి చేరే గుంపులే నిజంగా కొత్త శక్తిని తెస్తాయేమోనని నాకు అనుమానం.

మొక్కే జల్లెడ అన్న నా జవాబు మరో బాక్టీరియాలో నిలుస్తుందేమో చూడటానికి ఇప్పుడు మడి మార్చాలి. వరి కోసిన పొలంలో పెసరో మినుమో చల్లే పద్ధతి మన ఖమ్మం జిల్లాలో పాతదే. పక్కనే మధిర పరిశోధన స్థానం పెసరలో ఎంజీజీ పేరుతో రకాలు కూడా ఇచ్చింది. విత్తే ముందు బెల్లం పాకం చల్లార్చి, రైజోబియం కల్చర్ పొడి కలిపి, విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టమంటారు. పెసర మొక్కను వారాల తర్వాత మెల్లగా పీకి వేళ్లు కడిగితే బుడిపెలు కనపడతాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు. ఈ బుడిపెల్లో ఉండేవి ఎక్కువగా బ్రాడీరైజోబియం జాతివి. వరి మడిలో శత్రువు, పెసర వేరులో మిత్రుడు. ఇద్దరి జీనోముల్లోనూ అదే రకం అతిథులు.

బ్రాడీరైజోబియం గురించి బాగా చదివినది సోయాకు సంబంధించిన యూఎస్‌డీఏ110. సోయా మన వైపు తక్కువ, ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పంట అది. అయినా పోలికకు ఇంతకన్నా గట్టి నమూనా దొరకదు. జపాన్‌లోని కజుసా సంస్థ 2002లో దాని జీనోమ్ మొత్తం ప్రచురించింది. పొడవు 91,05,828 బేస్ జతలు. అందులో నత్రజని పట్టే, బుడిపె కట్టించే జన్యువులున్న 681 కిలోబేసుల భాగాన్ని సహజీవన దీవి అంటారు. జీనోమ్ మొత్తంలో ట్రాన్స్‌పోజేస్ జన్యువులు 167 దొరికితే అందులో 100 ఆ దీవిలోనే ఉన్నాయి. మొత్తం పొడవులో పదమూడో వంతుకన్నా తక్కువ జాగా, ముక్కల్లో మాత్రం సగానికి పైగా.

వరి బాక్టీరియాతో పోల్చినప్పుడు దీని అర్థం తెరుచుకుంటుంది. రైజోబియం ఏళ్ల తరబడి మట్టిలో ఒంటరిగా బతికేస్తుంది; ఆ కాలంలో సహజీవన దీవి దానికి అవసరం లేదు. దీవిలో ముక్క దిగితే వెంటనే చచ్చే ప్రమాదం లేదు కాబట్టి అక్కడ పోగవుతాయి. శాంథోమోనాస్‌కు వరి ఆకే ప్రపంచం. జిగురు పోతే రోజులు చెల్లినట్టే. ఫ్లాస్కులో పెట్టిన శాంథోమోనాస్ ఒక విధంగా మట్టిలోని రైజోబియం లాంటి స్థితిలోకి వస్తుంది. మొక్క కళ్ళు పక్కకు తిప్పితే చాలు, ముక్కలు చేసిన పని జల్లెడకు చిక్కకుండా మిగిలిపోతుంది.

జపాన్‌లోనే కివాము మినమిసావా బృందం 1990ల నుంచి చూపిస్తున్న మరో రకం స్ట్రెయిన్లు ఈ జవాబును కొంచెం ఇరకాటంలో పెడతాయి. పొలంలోని సోయా బుడిపెల నుంచే వేరుచేసిన ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ముక్కల నకళ్లు వీటిలో విపరీతం. 2015లో వీటిని పరిశీలించినప్పుడు ఆరు స్ట్రెయిన్ల క్రోమోజోములు 9.7 నుంచి 10.7 మెగాబేసుల దాకా ఉన్నాయని తేలింది, యూఎస్‌డీఏ110 కన్నా పెద్దవి. ఎన్‌కే6 అనే స్ట్రెయిన్‌లో నత్రజని జన్యువుల గుంపు నిఫ్‌ఎస్, నిఫ్‌బీల నడుమ తెగి రెండు చోట్లకు వెళ్లిపోయింది. ఆ పని చేసింది ఐఎస్‌ఆర్‌జే1 అనే ముక్క. దీవిలోనే కాదు, బతకడానికి కావలసిన అసలు భాగంలో కూడా అది కొన్ని జన్యువులను తెంపింది. దీన్ని పరిశోధకులు అసలు జీనోమ్ క్షీణతగా చదివారు. నా అభ్యంతరం ఆ మాట మీదే. జీనోమ్ చిన్నదై ఉంటే క్షీణత అనడం తేలిక. ఇక్కడ అది పెరిగింది. పైగా ఈ స్ట్రెయిన్లు దొరికింది బుడిపెల్లోనే. సోయా వేరు వీటిని వద్దనలేదు. శాంథోమోనాస్ విషయంలో ఆకు చేసిన జల్లెడ పని రైజోబియం విషయంలో వేరు అంత కటువుగా చేయదనుకోవాలి. రోగానికి మొక్క పెట్టే పరీక్షే స్నేహానికి పెట్టే పరీక్షకన్నా గట్టిదన్నమాట. ఈ పోలిక చేయకపోతే నాకైతే ఈ సంగతి తట్టేది కాదు.

ఇప్పుడు మళ్లీ వరి మడికి, 1997 సర్వే చెప్పిన మాటకు వద్దాం. సాంబ మసూరి అంటే 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204. తినడానికి మేలు, ఎండాకు తెగులుకు మాత్రం తేలిగ్గా లొంగిపోతుంది. దానికి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులు చేర్చి సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి చేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మూడెందుకంటే, బాక్టీరియా ఒకదాన్ని దాటినా మిగతావి ఆపాలని. ఎక్స్‌ఏ13 పని తీరు ఈ చర్చకు బాగా కలుస్తుంది. బాక్టీరియా పంపే ఒక ప్రొటీన్ వరి మొక్కలో చక్కెరను బయటకు వదిలే స్వీట్11 జన్యువు స్విచ్ నొక్కి, తనకు తిండి తెప్పించుకుంటుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ స్విచ్ అక్షరాలే మారి ఉంటాయి, వేలు పెట్టడానికి చోటుండదు. ఇలాంటి ప్రొటీన్ల జన్యువులు పీఎక్స్‌ఓ99ఏలో 19. తారుమారయ్యే ఆ జీనోమ్‌లో ఇవి నిశ్చలంగా కూర్చుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకే వంశం దేశంలో బాగా విస్తరించి ఉందన్న 1997 మాటను, ఇక కొత్త శత్రువు రాడన్న అర్థంలో తీసుకోకూడదని నేననేది ఇందుకే.

ఏది ముందు చదవాలని అడిగితే, కాలక్రమానికి విరుద్ధంగా 2000 పత్రాన్నే ముందు చదవమంటాను. ముక్క ఎలా ప్రవర్తిస్తుందో తెలిశాక, దాన్ని ఆనవాలుగా వాడినవారు ఎంతవరకు సురక్షితమో కొలవడం తేలికవుతుంది. ఇందులో ఆచరణకు పనికొచ్చే విషయం కూడా ఉంది. పొలం నుంచి తెచ్చిన స్ట్రెయిన్‌ను పోషక ద్రవంలో వదిలేసి, నెలల తరబడి పాత కల్చర్ నుంచి కొత్త కల్చర్‌కు మారుస్తూ పోతే, చివరికి చేతిలో ఉండేది జిగురు లేని పొడి గుంపు కావచ్చు. అది వరి రకాన్ని ఏం పరీక్షిస్తుంది? అందుకే తెచ్చిన రోజే గడ్డకట్టించి దాచాలి, వాడే ముందు ఓసారి వరి ఆకు మీదికి ఎక్కించి తిరిగి తీసుకోవాలి. కత్తెరను బాక్టీరియా ద్రవంలో ముంచి ఆకు కొనలు కత్తిరించే పద్ధతి దీనికి చాలు. దాన్ని 1973లో వర్ణించిన కాఫ్‌మన్ బృందం రచయితల్లో ఏ.పి.కె. రెడ్డి పేరుంది, 1997 సర్వే రాసినవారిలోనూ ఆ పేరే ఉంది.